బొమ్మల యుద్ధం... వాయిదాల జీవితం

డిసెంబరు వచ్చిందంటే చాలు, అమెరికా ఆఫీసుల్లో ఒకటే హడావుడి. ఏడాదంతా ఏం చేశావు, వచ్చే ఏడాది ఏం చేస్తావు అంటూ మేనేజరు ఒక ఫారం పంపుతాడు. మనమూ బుద్ధిగా కూర్చుని నింపుతాం. మరి ఆఫీసు బయట మన సొంత ఏడాదికి లెక్క ఎవరు రాస్తారు? ఎవరూ అడగరు, మనమూ రాసుకోం. ఈ దేశంలో ఒక రకం జనం మాత్రం ఎవరూ అడక్కుండానే ఏటా ఆ లెక్క రాసుకుంటారు. ఎన్ని సైనికుల బొమ్మలు కొన్నాం, ఎన్నింటికి రంగు వేశాం, ఎన్ని ఆటలు ఆడాం, వచ్చే ఏడాది ఏ యుద్ధం ఆడదాం... ఇదీ వాళ్ల గోల. వీళ్లని మినియేచర్ వార్‌గేమర్లు అంటారు. నవ్వకండి. ఆ లెక్కల్లో మనలాంటి వలస బతుకులకు పనికొచ్చే సంగతి ఒకటుంది.

ఆట సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. బొటనవేలంత సైనికుడి బొమ్మలు, ఎక్కువగా 28 మిల్లీమీటర్లవి, కొని ఒక్కొక్కదానికీ సన్న కుంచెతో రంగులు వేస్తారు. పెద్ద బల్ల మీద పచ్చగుడ్డ పరిచి, థర్మోకోల్ గుట్టలు, అట్టముక్కల ఇళ్లు అమరుస్తారు. టేపుతో అంగుళాలు కొలిచి దళాలను నడుపుతారు. కాల్పులు తగిలాయో లేదో పాచికలు చెబుతాయి. ఒక ఆటకు మూడు నాలుగు గంటలు పడుతుంది.

ఇది నిన్న మొన్నటి పిచ్చి కాదు. 1824లోనే ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు 'క్రీగ్‌స్పీల్' అనే బల్లయుద్ధం వాడింది. ఇంగ్లండులో రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' పేరుతో బొమ్మ సైనికుల ఆటకు ఒక పుస్తకమే రాశాడు. అమెరికాకు వస్తే, 1968లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో గ్యారీ గైగాక్స్ మొదలుపెట్టిన 'జెన్ కాన్' 2003లో ఇండియానాపొలిస్‌కు చేరి పెద్ద తిరునాళ్లయింది. ఆయన, జెఫ్ పెరెన్ కలిసి 1971లో రాసిన 'చెయిన్‌మెయిల్' అనే బొమ్మల యుద్ధం నియమాల నుంచే 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పుట్టింది. మన పిల్లలు వీడియో గేముల్లో "లెవెల్ పెరిగింది నాన్నా" అని అరుస్తుంటారే, ఆ మాటకు ప్రచారం వచ్చింది అక్కణ్నుంచే.

"బొమ్మలకు రంగులేంటి, చిన్నపిల్లల్లా?" అని ఇంట్లోవాళ్లే అనొచ్చు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే జాతి మనది! కొండపల్లిలో పొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడితో చేసిన మక్కుతో ముక్కలు అతికి, సున్నం పూత పూసి, ఆ తర్వాతే రంగులు వేస్తారు. ఇక్కడివాళ్లు ప్రైమర్ అని స్ప్రే కొట్టేది ఆ సున్నం పూత పనికే. మన బొమ్మలు కొలువులో కూర్చుంటాయి, వీళ్లవి బల్ల మీద కవాతు చేస్తాయి. అంతే తేడా.

ఇక అసలు విషయం. ఈ ఆటగాళ్లందరికీ ఒక జబ్బుంది. రంగు వేసే వేగం కన్నా కొనే వేగం ఎక్కువ. బేస్‌మెంట్‌లో విప్పని పెట్టెలు పేరుకుపోతాయి. ఒకప్పుడు బొమ్మలు సీసంతో పోసేవారు కాబట్టి దాన్ని 'సీసపు గుట్ట' అని వాళ్లే పేరు పెట్టుకుని ఎగతాళి చేసుకుంటారు. రిటైరయ్యాక వేద్దాం, పెద్దిల్లు కొన్నాక వేద్దాం, పిల్లలు కాలేజీకి వెళ్లాక వేద్దాం. ఈ మాటలు ఎక్కడో విన్నట్టు లేదూ?

మన బతుకుల్లో విప్పని పెట్టెలు తక్కువా? గ్రీన్ కార్డు వచ్చాక సంగీతం నేర్చుకుంటాం. ఇల్లు కొన్నాక స్నేహితుల్ని పిలుస్తాం. ప్రాజెక్టు అయిపోయాక పిల్లాడితో ఆడతాం. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల మనవాళ్ల క్యూ పదేళ్లు దాటినా కదలదు. దానికి తోడు 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అన్న ప్రకటన వచ్చిన రోజు గుర్తుందా? ఇండియాలో ఉన్నవాళ్లు పరుగున వెనక్కి, వెళ్దామనుకున్నవాళ్లు టికెట్లు రద్దు. మన చేతిలో లేనివాటి కోసం మన చేతిలో ఉన్నవాటిని కూడా వాయిదా వేసుకుంటూ పోతే మిగిలేదేమిటి? వీసా ఎన్నేళ్లకు వస్తుందో మనం చెప్పలేం. మంగళవారం సాయంత్రం ఏం చేస్తామో మాత్రం చెప్పగలం.

ఆ ఆటగాళ్లలో కాస్త అనుభవం ఉన్నవాళ్లు ఈ జబ్బుకు మందు కనిపెట్టారు. కొన్నవాటికి విలువ లేదు, పూర్తయినవాటికే లెక్క. వంద బొమ్మలు ఒకేసారి పెట్టుకోరు, పదేసి తీస్తారు. ముందు ఆటకు తేదీ పెట్టుకుంటారు, ఆ తేదీకి బొమ్మలు సిద్ధం చేస్తారు. నిరుటి నా లెక్క చూస్తే 64 బొమ్మలు, 9 ఆటలు. సముద్రంలో కాకిరెట్టంత! అయినా ఆ 64 నా చేత్తో పూర్తిచేసినవి. ఏ రీ-ఆర్గనైజేషనూ, ఏ లేఆఫూ వాటిని రద్దు చేయలేదు.

ఇంకో లాభం మనుషులు. మన పరిచయాలు ఒకసారి లెక్కేసుకోండి. ఆఫీసు వాళ్లు, అపార్టుమెంటు తెలుగువాళ్లు, ఊరి వాట్సాప్ గ్రూపు. తానా, ఆటా మహాసభలు రెండేళ్లకోసారి. గేమ్ షాపులో ఆట వారానికోసారి. ఎదురుగా కూర్చునేది ట్రక్కు డ్రైవరు కావచ్చు, హైస్కూలు టీచరు కావచ్చు, రిటైరైన సైనికుడు కావచ్చు. "నీ స్టేటస్ ఏంటి?" అని ఒక్కరూ అడగరు. "నీ ఎర్రకోటుకి ఏ రంగు వాడావు?" అని అడుగుతారు. ఇరవై ఏళ్లు ఇక్కడే ఉండి, పొరుగువాడితో వాతావరణం తప్ప మాట్లాడని మనకు అది చిన్న సంగతి కాదు.

"డబ్బు సంగతో?" అంటారు. నిజమే, పేరున్న కంపెనీ బొమ్మలతో ఒక సైన్యం కట్టాలంటే వందల డాలర్లవుతుంది. పైగా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. ఈ బొమ్మలు చాలావరకు ఇంగ్లండు నుంచి వచ్చేవే కాబట్టి ఆ దెబ్బ ఈ ఆటకు గట్టిగానే తగిలింది. అయితే దారులున్నాయి. 15 మిల్లీమీటర్ల బొమ్మలు చవక. కాగితం మీద అచ్చేసి కత్తిరించిన సైనికులతోనూ ఆడొచ్చు. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో త్రీడీ ప్రింటర్లున్నాయి. అద్దె కట్టి, ఇంటికి డబ్బు పంపి, గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేసే కుర్రాడు కూడా ఆడగలిగేలా ఆడుకోవచ్చు.

"పిల్లలకు యుద్ధం నేర్పుతారా?" అన్నది ఇంకో ప్రశ్న. వెల్స్ తన పుస్తకం చివర చెప్పిందే జవాబు. బొమ్మల యుద్ధం ఆడినవాడికి అసలు యుద్ధం ఎంత గందరగోళమో, ఎంత నష్టమో తెలిసొస్తుందన్నాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఆటలోనూ హద్దులుండాలి. 1757 జనవరిలో బొబ్బిలి కోటలో ఆడవాళ్లూ, పిల్లలూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాన్ని బల్లమీద పెట్టి పాచికలు వేయడానికి నాకు చెయ్యి రాదు. ఆ కథ పిల్లలకు చెప్పాలి, ఆడకూడదు.

చందుర్తి సంగతి వేరు. అది మైదానంలో రెండు సైన్యాలు ముఖాముఖి తలపడ్డ యుద్ధం. కొత్త ఏడాదికి నా ప్రణాళిక అదే. బొబ్బిలి పోరులో విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాక విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ల మీదికి ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద కల్నల్ ఫోర్డ్, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ తలపడ్డారు. ఫోర్డ్ బెంగాల్ నుంచి తెచ్చిన సిపాయిలవి ఎర్రకోట్లు. వాళ్లే ఇంగ్లీషు దొరలనుకుని ఫ్రెంచివాళ్లు అటు విరుచుకుపడ్డారు. అసలు తెల్లదళం ఏపుగా పెరిగిన పైరు చాటున ఉంది. పక్కనుంచి వచ్చి దెబ్బ కొట్టింది. ఒక కోటు రంగు, ఒక చేను కలిసి యుద్ధాన్ని మలుపు తిప్పాయి! 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పడిపోయి కోస్తాలో ఫ్రెంచి పట్టు సడలింది.

ఇదే యుద్ధం అమెరికాలోనూ జరిగింది. చందుర్తికి కొద్దిరోజుల ముందు, 1758 నవంబరులో, ఫ్రెంచివాళ్లు వదిలేసి పోయిన డ్యూకేన్ కోటను ఇంగ్లీషువాళ్లు ఆక్రమించి పిట్స్‌బర్గ్ అని పేరు పెట్టారు. పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి వెళ్లే మనలో ఎందరికి తెలుసు, ఆ ఊరి పుట్టుక, మన పిఠాపురం పొలాల్లో పోరు ఒకే కథలో రెండు పేజీలని? ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు "మన చరిత్ర" అని క్లాసు పీకితే వినరు. వాళ్ల స్కూలు పుస్తకంలోని యుద్ధం మన ఊళ్లోనూ జరిగిందని బల్లమీద చూపిస్తే ఎర్రకోటుకి రంగు వేయడానికి వాళ్లే కుంచె లాక్కుంటారు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు కాకుండా లెక్క చిన్నదే పెట్టుకున్నాను. వందమందికి ఒక బొమ్మ. ఫోర్డ్ వైపు సుమారు 500 మంది యూరోపియన్లు, 2 వేల సిపాయిలు, అంటే 25 బొమ్మలు. ఫ్రెంచి వైపు సుమారు 500 మంది, 6 వేల సిపాయిలు, అంటే 65. మొత్తం 90. నెలకు పది చొప్పున సెప్టెంబరుకు పూర్తి. అక్టోబరు, నవంబరుల్లో చేలు, గట్లు, తాటిచెట్లు. డిసెంబరులో ఆట. రాజావారి సైన్యం ఆపై ఏడాది సంగతి!

మీకు బొమ్మలు నచ్చకపోతే మానండి. వీణ కావచ్చు, వాలీబాల్ కావచ్చు, పెరట్లో బీరపాదు కావచ్చు. వారానికో సాయంత్రం, చేతికో పని, ఎదురుగా ఒక మనిషి, పూర్తి చేయడానికి ఒక తేదీ ఉండాలి. గ్రీన్ కార్డు వచ్చేటప్పుడు వస్తుంది. ఈలోగా గడిచేవి కూడా మన ఏళ్లే కదండీ! అటక మీద ఉన్నవాటిలో ఒక్క పెట్టె ఈ శనివారం విప్పండి.