పన్నెండు గంటలకు రెండు రోజుల జీతం

అనుమతి లేకుండా రాత్రి ఎనిమిదికి యూనిట్ దాటిన జవాను మర్నాడు ఉదయం ఎనిమిదికి తిరిగొచ్చాడనుకుందాం. మన లెక్కలో అది ఒక రాత్రి. సైన్యం లెక్కలో రెండు రోజుల గైర్హాజరు కావచ్చు, రెండు రోజుల జీతం కోత పడవచ్చు.

1950 నాటి ఆర్మీ చట్టం 92వ సెక్షన్ ఈ లెక్క చెబుతుంది. మామూలుగా వరుసగా ఆరు గంటలు కనబడకపోతేనే ఒక రోజు గైర్హాజరు. పన్నెండు గంటలు నిండితే మాత్రం, ఆ సమయం తాకిన ప్రతి తేదీనీ పూర్తి రోజుగా లెక్కించవచ్చు. తక్కువ సేపే లేకపోయినా, అతని డ్యూటీ మరొకరి నెత్తిన పడితే రోజు పోవచ్చు. 'లెక్కించవచ్చు' అంది చట్టం, 'లెక్కించాలి' అనలేదు. ఆ తేడాలోనే పై అధికారి దయాదాక్షిణ్యాలు ఉన్నాయి.

జీతం కోత చిన్న విషయం. గైర్హాజరు 30 రోజులైతే 106వ సెక్షన్ కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది. ఎన్నాళ్లు లేడో అదే ప్రకటిస్తుంది. అప్పటికీ తిరిగి రాకపోతే పారిపోయినవాడి కిందే జమ. అతని రోజులు అతను లేనిచోట తేలిపోతాయన్నమాట! రెగ్యులర్ జవానుకు పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల అర్హత సర్వీసు ఉండాలి. సెలవుగా మార్చని గైర్హాజరు రోజులు అందులో కలవవు.

మన వాడల నుంచి వెళ్లిన పిల్లలకు ఇది ఎక్కడ తగులుతుందో చెప్పనక్కర్లేదు. సెలవు మీద వచ్చాక ఇంటి మీద దాడి జరుగుతుంది, లేదా పొలం గట్టు తగాదా ముదురుతుంది. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసు పెట్టించడానికే రోజులు పడతాయి. తల్లిని ఆ స్థితిలో వదిలి రైలెక్కడం ఎవరికి సాధ్యం? 39వ సెక్షన్ కూడా సెలవు దాటడాన్ని 'తగిన కారణం లేకుండా' అయితేనే నేరమంటుంది. శిక్ష మూడేళ్ల దాకా ఉండవచ్చు.

కారణం ఉంటే చాలదు, కాగితం ఉండాలి. ఫోన్‌లో చెప్పానంటే నిలబడదు. సెలవు ముగియకముందే పొడిగింపు కోరుతూ యూనిట్‌కు స్పీడ్ పోస్టు, దానితో ఎఫ్‌ఐఆర్ నకలు లేదా ఆసుపత్రి చీటీ పంపి, రసీదు దాచుకోవాలి. తిరిగి చేరిన తేదీనే కాదు, గంటను కూడా రాయించుకోవాలి. కోత పడితే ఏ తేదీలకు పడిందో రాతపూర్వకంగా అడగాలి. సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తే మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ పరిధిలోవి. అక్కడ మొదట అడిగేదీ ఆ తేదీలనే.