టికెట్ టు రైడ్: యాప్‌లో నేర్చుకోండి, బోర్డు మీద ఆడండి

అలన్ ఆర్. మూన్ డిజైన్ చేసిన 'టికెట్ టు రైడ్' 2004లో బోర్డ్ గేమ్‌గా వచ్చింది. ఇప్పుడు ఫోన్‌లోనూ ఉంది. రూల్స్ నేర్చుకోవడానికి యాప్ సూపర్, ఒప్పుకుంటా. కార్డులు కలపక్కర్లేదు, పాయింట్లు లెక్కపెట్టక్కర్లేదు. కానీ అసలు మజా టేబుల్ మీదే.

ఒక్కొక్కరికి 45 ప్లాస్టిక్ రైలు పెట్టెలు. మీ వంతులో ఒక్క పనే చేయాలి: రంగు కార్డులు తీసుకోవడం, లేదా ఒకే రంగు కార్డులిచ్చి రెండు ఊళ్ల మధ్య లైన్ వేయడం, లేదా కొత్త టికెట్లు తీయడం. టికెట్ అంటే ఫలానా రెండు ఊళ్లు కలపాలనే సీక్రెట్ టార్గెట్. కలిపితే పాయింట్లు, లేకపోతే అన్నే కట్.

ఆరు పెట్టెల లైన్‌కి ఏకంగా 15 పాయింట్లు. అందుకే అందరూ కార్డులు కూడబెడుతుంటారు. ఈలోగా ఒకడు అమెరికా మ్యాప్‌లో నాష్‌విల్, అట్లాంటా మధ్య ఒక్క పెట్టె పెట్టేస్తాడు. వాడికొచ్చేది 1 పాయింటే, మీరు మాత్రం చుట్టూ తిరిగి రావాల్సిందే! బాట్ అలా చేస్తే ఇంకో గేమ్ మొదలుపెడతాం, అంతే. ఎదురుగా కూర్చున్న ఫ్రెండ్ చేస్తే? కావాలనే అడ్డుపడ్డాడా, వాడి టికెట్ కూడా అటేనా? వాడి మొహం చూసి ఊహించాలి.

ఎవరి దగ్గరైనా రెండు లేదా అంతకన్నా తక్కువ పెట్టెలు మిగిలితే, వాళ్లతో సహా అందరికీ చివరి వంతు ఒక్కటే. పక్కవాడి కుప్ప కరుగుతుంటే వచ్చే టెన్షన్ స్క్రీన్ మీద రాదు.

బాక్స్ చవక కాదు. ఐదుగురి దాకా ఆడొచ్చు కాబట్టి తలా కొంత వేసుకుని కొనండి. ఇండియా మ్యాప్ విడిగా ఉంది గానీ, అందులో రైలు పెట్టెలు రావు. ముందు అసలు బాక్స్ ఉండాల్సిందే.