డ్రాయింగు ప్రోగ్రాం ఎంపికలో ముందు చూడవలసినది ఫైలు రూపం



సాంకేతిక డ్రాయింగులకు ఏ కంప్యూటర్ ప్రోగ్రాం తగినదన్న చర్చ పాలిటెక్నిక్‌లలోనూ చిన్న డిజైన్ ఆఫీసులలోనూ ధర దగ్గరో, ఉద్యోగ ప్రకటనలలో కనబడే ఆటోక్యాడ్ పేరు దగ్గరో ముగిసిపోతున్నది. గీసినది ఏ రూపంలో భద్రమవుతుంది, ఆ ప్రోగ్రాం చేతిలో లేని రోజున దానిని ఎవరు తెరవగలరు అన్న ప్రశ్న అంతకంటె ముందు రావలసినది.

1982లో వెలువడిన ఆటోక్యాడ్ తన డ్రాయింగులను డీడబ్ల్యూజీ అనే రూపంలో దాస్తుంది. ఆ ఫైలు లోపలి అమరికను ఆటోక్యాడ్‌ను తయారుచేసే ఆటోడెస్క్ సంస్థ బయటపెట్టలేదు సరికదా, కొన్ని వెర్షన్లకొకసారి దానిని మారుస్తూ వచ్చింది. ఇతర ప్రోగ్రాంలు దానిని చదవగలిగేటట్లు చేయడానికి 1998లో ఒక కూటమే ఏర్పడవలసి వచ్చిందంటే ఆ మూత బిగువు తెలుస్తూనే ఉన్నది. ఇచ్చిపుచ్చుకోవడానికి అదే సంస్థ రూపొందించిన డీఎక్స్ఎఫ్ వివరాలు మాత్రం ప్రచురితమైనవి. దాని సాధారణ రూపం అక్షరాలతో, అంకెలతో కూడిన పాఠమే కనుక, ఒక గీత ఏ బిందువు నుంచి ఏ బిందువు వరకు సాగిందో, ఏ లేయరులో, అనగా డ్రాయింగును విభజించుకున్న పొరలలో దేనిలో, ఉన్నదో మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా చదువుకోవచ్చు. శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని ఆటోడెస్క్ 2016లో ఆపి చందా పద్ధతికి మారిన తరువాత ఈ తేడాకు విలువ పెరిగింది. భవనం ప్లాను అవసరం చందా గడువుతో తీరిపోదు కదా.

క్యూక్యాడ్ అనే ప్రోగ్రాం నుంచి విడివడిన లిబ్రెక్యాడ్ ఉచితమైనది, డీఎక్స్ఎఫ్‌లోనే భద్రపరుస్తుంది, ద్విమితీయ డ్రాయింగుకు చాలును. అయితే అది డీడబ్ల్యూజీని అన్నివేళలా సరిగా చదవలేదు. ఆ రూపమే కావాలని పట్టుబట్టే ఖాతాదారు ఉన్నచోట ఆటోక్యాడో, బ్రిక్స్‌క్యాడో కొనడమే వివేకం. ఒక కొలతను మార్చితే దానిపై ఆధారపడిన భాగాలు తామే సర్దుకునే పారామెట్రిక్ పద్ధతి కావలసిన యంత్రభాగాలకు ఫ్రీక్యాడ్ ఉన్నది. ఆ ఘనరూపాలను డీఎక్స్ఎఫ్‌లో కాక, ఐఎస్ఓ 10303 ప్రమాణం నిర్ణయించిన స్టెప్ ఫైలులో దాచడం మేలు.

అంతమాత్రాన కళాశాలలు ఆటోక్యాడ్‌ను మానుకోనక్కరలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ విద్యార్థుల కోసం ప్రచురించిన ఎస్పీ 46లోని ప్రక్షేపాలు, గీతల రకాలు, కొలతలు వ్రాసే తీరు ఏ ప్రోగ్రాంలోనైనా ఒకటే కనుక, విద్యార్థి తనకు వీలైన ప్రోగ్రాంలో గీసి, డీఎక్స్ఎఫ్ ప్రతిని, దానితోపాటు పీడీఎఫ్‌ను సమర్పిస్తే పరీక్షకులు అంగీకరించేటట్లు నిబంధనను సవరించడం మొదట జరగవలసిన పని.

ఇట్లు,
ఒక పాఠకుడు