అద్దె ఇంటికి నీటి వడపోత

అద్దె ఇంటి గోడకు మేకు కొట్టాలన్నా యజమాని అనుమతి కావాలి. అందుచేత ఉద్యోగరీత్యా పోర్ట్ బ్లెయిర్ చేరి అద్దెకు దిగే కుటుంబాలు వంటగట్టు మీద నిలిపి, బదిలీ అయినపుడు వెంట తీసుకుపోగల వడపోత సాధనాన్నే కోరుకుంటాయి. (ఈ పట్టణానికి 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చారు.) అయితే అంగడికి వెళ్ళేముందు ఇంటికి వచ్చే నీరు ఎక్కడిదో విచారించడం అవసరం.

ఇచ్చటి కుళాయి నీటికి ప్రధానాధారం ధనికరి జలాశయం, అంటే వాననీరు. అండమానులో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసినా, ఏటవాలు నేలల మీద పడిన నీరు పడినట్లే సముద్రంలో కలుస్తుంది. వేసవిలో కుళాయి రోజు విడిచి రోజు రావడం ఇక్కడివారికి కొత్త కాదు. ఇటువంటి చోట ఆర్.ఓ. యంత్రం కొనడం డబ్బిచ్చి కరవు తెచ్చుకోవడమే! ఒక లీటరు మంచినీటి కోసం అనేక యంత్రాలు మూడు లీటర్ల వరకు పారబోస్తాయి. పైగా దాని ముఖ్య ప్రయోజనం కరిగిన లవణాలను తొలగించడం. వాననీటిలో అవి స్వల్పం. లీటరుకు 500 మిల్లీగ్రాములకన్న తక్కువ లవణాలున్న చోట ఆర్.ఓ.ను నిషేధించాలని జాతీయ హరిత న్యాయాధికరణం 2019లోనే ఆదేశించింది.

సముద్రపుటొడ్డు బావుల సంగతి వేరు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఎన్నో బావులను ఉప్పుమయం చేసింది. ఉప్పును సాధారణ ఫిల్టరు ఏదీ తీయలేదు, అక్కడ ఆర్.ఓ. తప్పదు.

కుళాయి నీటికి పింగాణి క్యాండిళ్ళు బిగించిన రెండంతస్తుల స్టీలు ఫిల్టరు అనుకూలం. దానికి విద్యుత్తు అక్కరలేదు, కుళాయి ఒత్తిడితో పని లేదు, నీరు వృథా కాదు. వానకాలపు బురదను, బాక్టీరియాలో అధికభాగాన్ని అది ఆపుతుంది, వైరస్‌లను ఆపలేదు. కనుక వానకాలంలోను, పసిపిల్లలున్న ఇంటను వడిసిన నీటిని సలసల మరగనిచ్చి తాగాలి. అమ్మేవారు సాధారణంగా చెప్పని మాట ఇది. అతినీలలోహిత దీపపు యంత్రం వైరస్‌లనూ చంపుతుంది గాని, కరెంటు పోతే పనిచేయదు. బురదనీటిలో క్రిములు మట్టిరేణువుల చాటున తప్పించుకుంటాయి.

క్యాండిల్‌ను సబ్బు తగలనీయక మెత్తని బ్రష్షుతో కడగాలి. వెంట్రుకవాసి బీట కనబడినా మార్చవలసిందే. దీవులకు సరుకు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్టణాల నుండి ఓడ మీద రావాలి. కనుక ఎంపిక చేసిన ఫిల్టరుకు క్యాండిళ్ళు విడిగా దొరుకుతాయో లేదో అబర్డీన్ బజారులో ముందే అడిగి, ఒక జత అదనంగా కొని ఉంచుకోవడం మంచిది.