చక్రాల కుర్చీ యెత్తునుండి గోలకొండ

నార్సింగి వంటి చోట్ల పునాదులైనను పడని అపార్టుమెంట్ల పడకగదులను, కన్నులకు తొడుగు తగిలించి, నలుదెసల 360 డిగ్రీల మేర కనబడు వీడియోలో కొనుగోలుదారులకు చూపుట వింతగాదు. ఆ సాధనమునే చేరువనున్న గోలకొండ దుర్గమునకు త్రిప్పి, కెమెరాను చక్రాల కుర్చీలో కూర్చున్నవాని కనుల యెత్తున నిలిపి, టికెట్టు కిటికీ మొదలు బాలాహిస్సారు మెట్ల మొదటివరకు చిత్రించి, పర్యాటకవిద్య నభ్యసించువారికిని, గైడులకును, ముఖ్యముగా ర్యాంపులను కాగితముపైననే వాలించు ఇంజనీర్లకును చూపినచో, నిలువుకాళ్లపై నడచునపుడు వారి దృష్టికి రాని గడపలును ఎగుడుదిగుడు రాళ్లును ప్రత్యక్షమగును. దిగువ ద్వారమున చఱచిన చప్పట్లు కొండకొమ్మున వినబడు ఆ వింతను దిశలవారీగా ధ్వనిముద్రణ గావించినచో చూపులేనివారికిని దుర్గము తెలియవచ్చును. ఇది మాకు మిక్కిలి ముచ్చటైన యూహ.

అయితే, పన్నెండడుగులకొక అడుగు చొప్పున లేచు వాలుపై స్వయముగా కుర్చీ నెట్టుకొనువాని భుజముల శ్రమను ఏ తెరయు చూపజాలదు గనుక, చిత్రమునకు వ్యాఖ్యానము వికలాంగులే చేయవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున్నను, కట్టడములు వికలాంగులకు అందుబాటులో నుండుటకు తప్పనిసరి ప్రమాణములు నిర్ణయింపుడని సర్వోన్నత న్యాయస్థానము 2024 నవంబరులో, మన నల్సార్ విశ్వవిద్యాలయపు నివేదిక నాధారముగా గొని, కేంద్రము నాజ్ఞాపింపవలసివచ్చెను. మెట్లెక్కలేనివానికి కన్నుతొడుగిచ్చి, దర్శనమైనదని సాగనంపుటకు మాత్రము పర్యాటకశాఖవారు ఈ విద్యను వాడరాదు. వీడియో ర్యాంపునకు బదులు కాకుండునట్లు, ర్యాంపు పద్దును, వీడియో పద్దును వేర్వేరుగా చూపవలెను.