బద్వేలు వోటరుల కర్తవ్యము

శాసనసభ ఎన్నిక ఎప్పుడు వచ్చినను బద్వేలులో మూడు మాటలు వినబడుచుండును. మొదటిది నీరు, బాట, ఆసుపత్రి మొదలగు వసతులను గూర్చినది. రెండవది నేరములను గూర్చినది. మూడవది జనసంఖ్యను గూర్చినది. పల్లె రచ్చబండల మీదను, పట్టణపు కూడలులలోను పెద్దలు ఈ మూటిని వేర్వేరుగా తర్కించుచుందురు. బాట అడుగువాడు నేరమును మరచును. నేరమును గూర్చి వగచువాడు నీటిని మరచును. జనసంఖ్యను గూర్చి వాదించువాడు తక్కిన రెంటిని మరచును. మా యభిప్రాయమున ఇవి మూడు ప్రశ్నలు కావు, ఒకే ప్రశ్న. ఈ సీమకు వచ్చిన నీరు, ఈ కొండలలో పెరిగిన చెట్టు, ఈ ఇండ్లలో పుట్టిన బిడ్డ ఇచ్చట నిలుచుటకు వీలున్నదా, లేదా అనునదే ఆ ప్రశ్న. 2024 జూనులో ఏర్పడిన శాసనసభ గడువు 2029తో ముగియును. వోటు వేయు దినమున ఆలోచించుటకు తీరిక యుండదు. ఆలోచనకు కాలము ఇప్పుడే.

ప్రశ్నలు లేని ఎన్నిక ఎట్లుండునో బద్వేలు ఒకమారు చూచినది. అప్పటి శాసనసభ్యులు డాక్టరు గుంతోటి వెంకటసుబ్బయ్యగారు 2021 మార్చిలో మరణింపగా, ఆ యేడు అక్టోబరు 30వ తేదీన ఉపయెన్నిక జరిగెను. మృతుని కుటుంబము నెడ గౌరవముచే తెలుగుదేశము, జనసేన పోటీనుండి తొలగినవి. ఆయన సతీమణి డాక్టరు దాసరి సుధగారు 90,533 వోట్ల ఆధిక్యముతో గెలిచిరి. మృతుల యెడ మర్యాద పాటించుట మన నాగరకతకు భూషణమే. దానిని మేము తప్పుపట్టము. కాని అభ్యర్థులు తొలగినప్పుడు ప్రశ్నలును వారితోడనే తొలగిపోయినవి. తరువాత 2024 మే 13వ తేదీన పోలింగు జరిగినప్పుడు రాష్ట్రమంతట గాలి తిరిగినను, బద్వేలు తన సభ్యురాలినే నిలుపుకొనినది. నాటినుండి మరియొక మాట బయలుదేరినది. మన సభ్యురాలు ఒక పక్షమునందు, ప్రభుత్వము వేరొక పక్షమునందు ఉన్నందున పనులు జరుగవని కొందరందురు. ఈ మాటను మేము అంగీకరింపము. కాలువ నీటికి పక్షము లేదు. పన్ను కట్టునప్పుడు ఏ పక్షమువాడవని మనలను ఎవ్వరును అడుగరు. పని చేయునప్పుడు అడుగుట న్యాయము కాదు.

ముందుగా నీటి సంగతి చూతము. ఈ నియోజకవర్గమునందలి పోరుమామిళ్ళ చెరువును క్రీ. శ. 1369వ సంవత్సరమున, బుక్కరాయల కుమారుడును, ఉదయగిరిని ఏలినవాడును అగు భాస్కరుడు నిర్మించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేండ్లలో చెరువు పూర్తియైనదని అచ్చటి సంస్కృత శాసనము తెలుపుచున్నది. ఆ శాసనము దాత కీర్తిని పొగడి ఊరకుండలేదు. మంచి చెరువునకు పండ్రెండు సాధనములు వలయునని లెక్కించినది. వానిలో మొదటిది ధర్మమెరిగిన ప్రభువు. రెండవది జలశాస్త్ర మెరిగిన పండితుడు. కడపటిది పనితనము గల కూలివాండ్ర సమూహము. పిదప చెరువునకు గల ఆరు దోషములను చెప్పినది. కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల యగుట, రెండు రాజ్యముల పొలిమేరన ఉండుట, చెరువు నడుమ మెరక యుండుట, నీరు కొంచెమై సాగునేల విస్తారమగుట, నేల కొంచెమై నీరు విస్తారమగుట అనునవి ఆ దోషములు.

ఆరువందల యేండ్లకు పైబడిన ఈ పట్టికను నేటి పరిపాలనకు అన్వయించి చూచుకొనినచో మనకు సిగ్గు కలుగక మానదు. కట్టనుండి నీరు ఊరుటయనగా మంజూరైన ధనము పనిచోటికి చేరకముందే కరిగిపోవుట. రెండు రాజ్యముల పొలిమేర యనగా రాష్ట్రమును, కేంద్రమును పరస్పరము చూపుకొనుచు పనిని నడుమ విడుచుట. నీరు కొంచెమై సాగునేల విస్తారమగుటయనగా ఇచ్చిన వాగ్దానములకును, కేటాయించిన నిధులకును పొంతన లేకుండుట.

కృష్ణాజలము శ్రీశైలమునుండి పోతిరెడ్డిపాడు, బానకచెర్ల, వెలుగోడు దాటి, పెన్నను చేరి, సోమశిల, కండలేరు మీదుగా చెన్నపట్నమునకు పోవుటకు తెలుగుగంగ పథకము ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వముల నడుమ 1983లో ఒడంబడిక జరిగినది. చెన్నపట్నమునకు 15 టి.ఎం.సీ.లు, కర్నూలు, కడప, నెల్లూరు, చిత్తూరు జిల్లాలలో 5 లక్షల 75 వేల ఎకరముల సాగు. బద్వేలునకు పొరుగున నున్న బ్రహ్మంసాగరము ఈ పథకములోనిదే. దాని నిలువ 17.74 టి.ఎం.సీ.లు. దాహమైన పట్టణమునకు నీరిచ్చుటను చూచి మేము అసూయపడము. తెలుగువాడు పొరుగువానికి నీరు పోసి ధన్యుడగును గాని దరిద్రుడు కాడు. కాని నీరు పోవు దారిలోని పల్లె, తన చెరువు నిండక, ఆ నీటిని కట్టమీద నిలిచి చూచుచుండుట ధర్మము కాదు. 1937 నవంబరు 16వ తేదీన, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమగు శ్రీబాగున రాయలసీమ, కోస్తా నాయకులు చేసికొనిన ఒప్పందమున తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి విషయమున రాయలసీమకును, నెల్లూరికిని ప్రాధాన్య మీయవలెనని వ్రాసికొనిరి. ఆ మాట ఇచ్చినవారు పెద్దలు; నిలుపవలసినవారు వారి వారసులు.

ఇక బాట సంగతి. 2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గము బద్వేలు - నెల్లూరు నాలుగు వరుసల రహదారిని ఆమోదించినది. 67వ నంబరు జాతీయ రహదారిపై గోపవరమునుండి నెల్లూరు జిల్లాలోని గురువిందపూడి వరకు దీని పొడవు 108.134 కిలోమీటర్లు, వ్యయము 3,653 కోట్ల రూపాయలు. ఇంతకుముందు 142 కిలోమీటర్లుగా నుండిన కృష్ణపట్నము రేవు ప్రయాణము దాదాపు 34 కిలోమీటర్లు తగ్గునని ప్రభుత్వము చెప్పినది. సంతోషింపదగిన వార్తయే. రైలుకూత వినబడని పట్టణమునకు మంచి రహదారి చిన్న వరము కాదు. ఐనను ఒక సందేహము. రహదారికి రెండు గుణములు కలవు. అది సరకును ఊరికి తెచ్చును. ఊరిని దాటించి కొనిపోవును కూడ. రేవు దగ్గరయగుట వలన బద్వేలు రైతు పండించినది మంచి ధరకు పోవునా, లేక ఎచ్చటివో లారీలు బద్వేలును ఊరిబయటనే విడిచి వేగముగా పోవునా? గిడ్డంగి, శీతల గిడ్డంగి, మార్కెటు యార్డు, లారీల మరమ్మతు శాలలు ఈ బాట ప్రక్కన లేచినప్పుడే బాట మనదగును. గోపవరమున కఱ్ఱపలకల కర్మాగారమునకు 2021 డిసెంబరులో శంకుస్థాపన జరిగినది. కఱ్ఱ కఱ్ఱగా బయటికి పోక ఇచ్చటనే సరకుగా మారుట మంచి మార్గము. అట్టివి మరికొన్ని రావలెను. వచ్చినవానిలో స్థానికులకు పని యెంత అను లెక్కయు అడుగవలెను.

కఱ్ఱ మాట వచ్చినది కాబట్టి నేరముల సంగతి చెప్పవలసియున్నది. లంకమల, నల్లమల, వెలికొండ, పాలకొండ, శేషాచలపు అడవులలో పెరుగు ఎఱ్ఱచందనము లోకమున మరెచ్చటను సహజముగా పెరుగదు. ఈ సంపద దొంగదారిన సముద్రములు దాటుచున్నది. 2015 ఏప్రిలు 7వ తేదీన శేషాచలపు అడవులలో పోలీసు కాల్పులకు 20 మంది తమిళ కూలీలు బలియైరి. గొడ్డలి పట్టిన బీదవాడు అడవిలో పడిపోయినాడు. వానికి కూలి యిచ్చి పంపిన ధనవంతుడు ఏ పట్టణములోనో సుఖముగా నున్నాడు. నేరము తగ్గింతుమని చెప్పు అభ్యర్థిని మన మడుగవలసినది ఎందరు కూలీలను పట్టితిరని కాదు. ఎందరు వ్యాపారులను శిక్షింపజేసితిరని. అట్లడుగనినాడు నేరమును గూర్చిన మాటలన్నియు బీదవాని మీదికే పోవును.

ఇంతకంటె గుండెలు పిండిన సంఘటన 2024 అక్టోబరులో బద్వేలు సమీపమున జరిగినది. ఇంటర్మీడియటు చదువుచున్న పదునారేండ్ల బాలికకు ఒక యువకుడు నిప్పు పెట్టెను. ఆమె కడప ఆసుపత్రిలో కన్నుమూసినది. నిందితుడు పట్టుబడినాడు, సత్వర విచారణ జరుపుదుమని ప్రభుత్వము ప్రకటించినది. ఆ బాలిక పేరు ఇచ్చట వ్రాయుట మాకు ఇష్టము లేదు. ఆమె మన బిడ్డ యనినచో చాలును. ఇట్టి సంగతి జరిగిన ప్రతిసారి నాలుగు దినములు కన్నీరు కార్చి అయిదవ దినమున ఆడపిల్లను చదువు మానిపింతము. ఇదే మన న్యాయము. నేరము చేసినవాడు వీధిలో తిరుగుచుండ, భయపడినది ఇంటిలో బందీయగును. కళాశాలకు పోవు దారిలో దీపమున్నదా, వేళకు బస్సున్నదా, బాలిక ఫిర్యాదు చేసినప్పుడు ఠాణాలో వినువారున్నారా అనునవి చిన్న సంగతులుగా తోచును. కాని ఒక తండ్రి తన కుమార్తెను చదివించుటయో, మానిపించుటయో ఈ చిన్న సంగతుల మీదనే ఆధారపడియున్నది.

మూడవది జనసంఖ్య. ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికలకు అనర్హులని 1994లో చట్టము చేసిన ఆంధ్రప్రదేశమే, 2024 నవంబరులో ఆ నిబంధనను తొలగించినది. జాతీయ కుటుంబారోగ్య పరిశీలనల ప్రకారము, 1992-93లో రాష్ట్రమున స్త్రీకి సగటున 2.6 సంతానము, 2019-21 నాటికి అది 1.7కు దిగినది. జనము తరుగక నిలుచుటకు 2.1 కావలెను. నిన్నటివరకు బిడ్డలను తగ్గింపుడని చెప్పిన నాయకులే నేడు పెంచుడని చెప్పుచున్నారు. దీని వెనుక పార్లమెంటు స్థానముల చింతయు కలదు. లోకసభ స్థానముల పంపకమును 1971 జనగణనపై నిలిపి 1976లో రాజ్యాంగమును సవరించిరి. 2026 తరువాతి మొదటి జనగణన వరకు 2001లో దానిని పొడిగించిరి. కుటుంబ నియంత్రణను పాటించిన దక్షిణ రాష్ట్రములకు ఆ మేలే కీడగునను భయము నిర్హేతుకము కాదు.

ఐనను బద్వేలు రైతు ఇంట ఈ ప్రశ్న మరొక రూపమున నున్నది. ఇచ్చట లోటు పుట్టువారిది మాత్రమే కాదు, నిలుచువారిది. కుమారుడు బెంగుళూరునకో, హైదరాబాదునకో, కువైటునకో పోవును. ముసలివారు పొలమును కౌలున కిచ్చి, ఫోనులో మనుమని ముఖము చూచుకొనుచుందురు. 2011 జనగణనలో బద్వేలు పట్టణ జనము 70 వేలు దాటినది. పట్టణము పెరుగుచు పల్లె తరుగుచున్నచో దానిని అభివృద్ధి యనవచ్చునా? ఎక్కువమంది బిడ్డలను కనుడని తల్లులకు బోధించుటకు ముందు, కన్నబిడ్డకు ఇచ్చట నీరు, పని, రక్షణ కలవని చూపవలెను. వలస పంపుటకై బిడ్డలను పెంచుట ఏ తల్లికిని సమ్మతము కాదు.

ఇంతవరకు నాయకులకు చెప్పితిమి. మా పాఠకులలో భూవసతి గల పెద్దలును, పట్టణమున పలుకుబడి గల గృహస్థులును అధికముగా నున్నారు. వారితో ఒకటి రెండు మాటలు దాపరికము లేక చెప్పవలెను. చెరువు నిండలేదని ప్రభుత్వమును దూషించు మనము, చెరువు గర్భమున దున్నినవారిని, వాగును పూడ్చి ఇండ్లస్థలములు వేసినవారిని చూచి యేల ఊరకుంటిమి? వారు మన బంధువులనియా? మరియు, 2009 ఎన్నికనుండి బద్వేలు స్థానము షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడియున్నది. సభ్యుడు వారిలోనివాడు కావలెనని చట్టము చెప్పినప్పుడు, పెత్తనము మాత్రము పాతవాడలలోనే యుండవలెనని కోరుట చట్టమును మోసగించుటయగును. ఎన్నికైనవారు ఎవ్వరి యరుగుమీదను చేతులు కట్టుకొని నిలువక, స్వతంత్రముగా పనిచేయుటకు వీలు కల్పించుటయే పెద్దరికము.

అభ్యర్థి గడప త్రొక్కినప్పుడు ఈ ప్రశ్నలడుగుడు. సగిలేరు క్రిందను, తెలుగుగంగ క్రిందను మన చెరువులకు ఏ నెలలో ఎంత నీరు విడుతురో వ్రాసి యిత్తురా? కొత్త రహదారి ప్రక్కన రైతునకును, మన యువకునకును ఏమి నిలుచును? ఎఱ్ఱచందనపు కేసులలో పెద్దవారి పేర్లు బయటికి వచ్చునా? బాలికలు భయములేక చదువుకొనుటకు మీరు చేయు ఏర్పాటేమి? జనగణనను 2027 మార్చి 1వ తేదీ నాటి లెక్కగా జరుపుదుమని కేంద్రప్రభుత్వము 2025 జూనులో ప్రకటించినది. ఆ లెక్కలో మన పల్లెల కొరత బయటపడినప్పుడు, వలస ఆపుటకు మీయొద్దనున్న ఉపాయమేమి? జవాబు చెప్పలేక కానుక నిచ్చువానిని నమస్కరించి పంపివేయుడు. కానుక ఒక దినములో కరగును. అయిదేండ్లు మాత్రము కరగవు.

పారిపోవు వానను పట్టి నిలుపుటయే చెరువు. భాస్కరుడు కట్టించిన కట్ట ఆరువందల యేబదియేండ్లుగా ఆ పని చేయుచున్నది. పారిపోవు ధనమును, వనమును, జనమును పట్టి నిలుపగల కట్టను కట్టవలసిన భారము ఇప్పుడు ఏ రాజకుమారునిదియు కాదు, బద్వేలు వోటరునిది. ఆ కట్టకు మొదటి రాయి నిర్భయముగా అడిగిన ప్రశ్న; రెండవది అమ్ముకొనని వోటు.