బస్సు ఆపిన మనిషిని మరిచిపోకండి

అమెరికాలో ఎంఎస్‌ చేస్తున్న రోజులవి. జనవరి నెల. షికాగోకు మూడు గంటల దూరంలో ఓ చిన్న యూనివర్సిటీ ఊరు. నిద్ర లేచి ఫోన్‌ చూస్తే ఒక కంపెనీ నుంచి మెయిల్‌. 'మీ అర్హతలు మమ్మల్ని ఆకట్టుకున్నాయి, అయితే...' అని మొదలైంది. ఆ 'అయితే' తర్వాత ఏముంటుందో మీకూ తెలిసే ఉంటుంది. బూట్లు తొడుక్కుని బయటపడేసరికి బస్సు స్టాపులోంచి కదిలిపోతోంది. అది పోతే ఇంకోటి అరగంటకు. బయట మైనస్‌ 18 డిగ్రీలు. మంచులో జారుతూ పరిగెత్తాను. డ్రైవర్‌ అద్దంలో చూసినట్టున్నాడు, బస్సు ఆపాడు. ఎక్కి కూర్చున్నాను. కూర్చోగానే మళ్లీ ఆ మెయిలే తెరిచి చదువుకున్నాను.

ఆ రాత్రి ఏడింటికి అమ్మ ఫోన్‌ చేసింది. మన దగ్గర అప్పటికి మర్నాడు ఉదయం ఆరున్నర. "ఈ రోజు ఏంట్రా విశేషాలు?" అంది. "ఏం లేవమ్మా" అన్నాను.

ఏం లేవనడం అబద్ధం. ఆ పొద్దున ఒక మనిషి నా కోసం బస్సు ఆపాడు. అది నా లెక్కలోకి రాలేదు, అంతే. తిరస్కరించిన కంపెనీ పేరు మాత్రం రోజంతా నోట్లోనే ఉంది.

విదేశం వెళ్లాలనుకుంటున్న మీకు జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్‌, లోను, వీసా ఇంటర్వ్యూ అన్నింటి గురించీ చెప్పేవాళ్లున్నారు. అక్కడికి వెళ్లాక ఒక మామూలు మంగళవారాన్ని ఎలా దాటాలో చెప్పేవాళ్లు తక్కువ. నేను చెప్పాలనుకుంటున్నది దాని గురించే.

ఒళ్లు మండించే సలహా

2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. చైనాను దాటి మనం మొదటి స్థానానికి వచ్చింది ఆ ఏడాదే. అందులో మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎంత ఎక్కువో మీ వీధిలో లెక్కపెట్టినా తెలుస్తుంది. వెళ్లినవాళ్లందరి ముందూ ఒకే గడియారం తిరుగుతూ ఉంటుంది. చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పని చేసుకోవచ్చు. స్టెమ్‌ కోర్సులైతే మరో 24 నెలల పొడిగింపు ఉంటుంది. కానీ ఆ మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం కలిపి 90 రోజులే. పొద్దున లేవగానే 61, 60, 59 అని లెక్కపెట్టుకునే కుర్రాళ్లను చూశాను. నేనూ లెక్కపెట్టాను.

అలాంటప్పుడు ఎవరైనా వచ్చి 'ఉన్నదానికి సంతోషించు' అంటే ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టించి వచ్చినవాణ్ని పట్టుకుని సూర్యోదయం చూసి మురిసిపొమ్మంటే, అది సలహా కాదు, ఎగతాళి. కాబట్టి నేను సంతోషించమని చెప్పను. నేను చెప్పేది వేరే.

'కృతజ్ఞత' అన్న మాటను ఒక్కసారి విడదీసి చూడండి. కృతం అంటే చేసినది. దాన్ని ఎరిగినవాడు కృతజ్ఞుడు. అంటే ఎవరో మనకు చేసింది మనకు తెలిసి ఉండటం. అంతే. అందులో సంతోషం ఊసు లేదు, నవ్వుతూ ఉండమనీ లేదు. మనసు బొత్తిగా బాగోలేని రోజు కూడా ఎవరు ఏం చేశారో తెలిసి ఉండొచ్చు. ఇది చూపుకు సంబంధించిన పని. పని కాబట్టి నేర్చుకోవచ్చు.

మాడిన కుక్కర్‌ నేర్పిన పాఠం

మన ఇళ్లలో థాంక్స్‌లు చెప్పుకోం. చెబితే "ఏంట్రా, పరాయివాడిలా" అంటారు. అందులో తప్పేం లేదు. చిక్కల్లా ఏమిటంటే, చెప్పకపోవడం అలవాటైనట్టే చూడకపోవడం కూడా అలవాటైపోతుంది. టైముకి టిఫిన్‌ డబ్బా బల్ల మీద ఉంటుంది. ఇస్త్రీ చొక్కా కుర్చీ మీద ఉంటుంది. తెల్లవారినంత సహజంగా అవి అక్కడికి వచ్చేస్తాయనుకుంటాం. పరాయి దేశంలో మొదటిసారి మాడిన కుక్కర్‌ అడుగు గీకుతున్నప్పుడు అర్థమవుతుంది, ఇన్నేళ్లూ దాన్ని ఎవరు గీకారో.

అక్కడ మనకు ఏదీ దానంతటదే జరగదు. అందుకే ఎవరైనా చిన్న పని చేసిపెట్టినా, చూడగలిగితే, స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి రోజు అర్ధరాత్రి విమానం దిగితే ముఖం కూడా తెలియని సీనియర్‌ ఒకాయన కారు వేసుకుని వచ్చాడు. దారిలో తినడానికి పులిహోర తెచ్చాడు. చాలా యూనివర్సిటీల్లో మన విద్యార్థి సంఘాలు ఈ పని ఏటా చేస్తాయి. పరీక్ష రాసి రాత్రి పదకొండుకు గదికి వస్తే ఫ్రిజ్‌లో పప్పన్నం ఉండేది, మూత మీద నా పేరు రాసిన కాగితంతో సహా. వంట ఆ రోజు నా వంతు. డైనింగ్‌ హాల్లో ప్లేట్లు కడిగే చోట మా సూపర్‌వైజర్‌గా ఒక పెద్దావిడ ఉండేది. నా పల్చటి గ్లవ్స్‌ చూసి ఏమీ అనలేదు. మర్నాడు వాళ్లబ్బాయి పాత మంచు గ్లవ్స్‌ సంచిలో పెట్టి తెచ్చి ఇచ్చింది. ఇంకోసారి బట్టలు వాషర్‌లో వేసి మరిచిపోతే ఎవరో వాటిని డ్రయర్‌లోకి మార్చి, తమ నాణేలు వేసి ఆరబెట్టారు. ఎవరో ఇప్పటికీ తెలీదు.

వీటిలో ఏ ఒక్కటీ నా రెజ్యూమెలోకి రాదు. కానీ ఆ రెండేళ్లు నేను నిలబడింది వీటి మీదే. ఆ సంగతి అప్పుడు తెలిసి ఉంటే ఇంకాస్త గట్టిగా నిలబడేవాణ్ని.

మూడు ప్రశ్నలు

మీకు వద్దన్నా గుర్తుండిపోయేవి చేదు విషయాలే. పది మెయిళ్లలో ఒక్క తిరస్కారం ఉంటే అదే రాత్రంతా తిరుగుతుంది. మంచివి కావాలని రాసుకుంటే తప్ప నిలవవు. అందుకని వారానికి ఒక్కసారి, ఆదివారం రాత్రి అనుకోండి, పది నిమిషాలు కూర్చుని ఆ వారం జరిగినవి రాయండి. ఒక్కోదానికి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు? ఏం చేశారు? దానికి వాళ్లకేం ఖర్చయింది?

మూడో ప్రశ్నే ముఖ్యం. 'రూమ్మేట్స్‌ మంచోళ్లు' అని రాస్తే అది రెండోవారానికి పాచిపోతుంది. 'బుధవారం తనకు తెల్లారి ఎనిమిదింటికి పరీక్ష ఉన్నా, రాత్రి ఒంటిగంట దాకా నాకు మాక్‌ ఇంటర్వ్యూ పెట్టాడు' అని రాస్తే అందులో మనిషి కనిపిస్తాడు. ఆ డ్రైవర్‌కు ఖర్చయింది ఇరవై సెకన్లు. నిమిషాల లెక్కన నడపాల్సిన ఉద్యోగంలో ఇరవై సెకన్లు చిన్న విషయం కాదు. ఆ సీనియర్‌కు ఖర్చయింది ఒక శుక్రవారం రాత్రి నిద్ర.

ఇది నా సొంత వైద్యం కాదు. రాబర్ట్‌ ఎమన్స్‌, మైఖేల్‌ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కాలేజీ విద్యార్థుల్లో కొందరిని వారానికోసారి తాము కృతజ్ఞులై ఉన్న విషయాలు ఐదు దాకా రాయమన్నారు. కొందరిని చిరాకు పెట్టినవి రాయమన్నారు. ఇంకొందరిని మామూలు సంఘటనలు రాయమన్నారు. కొన్ని వారాల తర్వాత చూస్తే, మొదటి జట్టువాళ్లు తమ జీవితం గురించి మిగతావాళ్లకన్నా మెరుగ్గా భావించారు. వచ్చే వారం బాగుంటుందన్న ఆశా వాళ్లలోనే ఎక్కువ కనిపించింది. దీంతో ఉద్యోగాలు వచ్చాయని వాళ్లు చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ యాభై దరఖాస్తులు తిరిగొచ్చాక యాభై ఒకటోది పెట్టాలంటే వచ్చే వారం మీద కాస్త ఆశ ఉండాలి కదా.

తిరిగి రాయని మెయిల్‌

ఉద్యోగం వెతికేటప్పుడు మనకు తెలియకుండానే ఒక జబ్బు పట్టుకుంటుంది. మనుషులందరూ రెండు రకాలుగా కనిపిస్తారు. జవాబిచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్లు. రిఫరల్‌ అడుగుతాం, వాళ్లు ఇస్తారు, మనకు రాదు. ఆ తర్వాత వాళ్లకు మొహం చాటేస్తాం. సిగ్గు. నేనూ ఇదే చేశాను, ఒకరిద్దరికి కాదు.

నా క్లాస్‌మేట్‌ ఒకడు మాత్రం ప్రతిసారీ తిరిగి రాసేవాడు. "అన్నా, ఫైనల్‌ రౌండ్‌లో పోయింది. మీరు చెప్పిన డేటాబేస్‌ ప్రశ్న నిజంగానే అడిగారు, దానికి బాగానే చెప్పాను. మీ శనివారం పాడు చేశాను, థాంక్స్‌." ఇలా మూడు వాక్యాలు. దానివల్ల వాడికి ఉద్యోగం వచ్చిందా అంటే, అక్కడ రాలేదు. కానీ వారం తర్వాత ఆ సీనియరే ఫోన్‌ చేసి "ఎలా ఉన్నావ్‌ తమ్ముడూ, తింటున్నావా?" అని అడిగాడు. 90 రోజుల లెక్కలో ఉన్నవాణ్ని ఆ ప్రశ్న అడిగే మనిషి ఉండటం ఎంత పెద్ద విషయమో అందులో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

అమెరికాలో ఇంటర్వ్యూ అయిన 24 గంటల్లోపు ఇంటర్వ్యూ చేసినవాళ్లకు ధన్యవాదాల మెయిల్‌ పంపడం ఒక మర్యాద. అందరూ ఒకే మూసలో పంపుతారు. మీరు మాత్రం వాళ్లు చెప్పిన ఒక్క సంగతిని పట్టుకుని రాయండి. ఆదివారం నోటు పుస్తకంలో వివరాలు రాసే అలవాటున్నవాళ్లకు ఆ వాక్యం వెతుక్కోవాల్సిన పని ఉండదు.

కృతజ్ఞతకూ హద్దుంది

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన భాషలో 'రుణపడి ఉంటాను' అంటాం. ఆ మాటను అవకాశంగా తీసుకునేవాళ్లూ ఉంటారు. "గడువు అయిపోతుంటే మేమే కదా నిన్ను చేర్చుకుంది" అంటూ లేని అనుభవం రెజ్యూమెలో రాయమనే కన్సల్టెన్సీలున్నాయి. నెలల తరబడి జీతం ఆపేవి ఉన్నాయి. హెచ్‌1బీ కోసం యజమాని కట్టాల్సిన రుసుములు మీ దగ్గరే వసూలు చేయబోయేవీ ఉన్నాయి. వాళ్లకు మీరు రుణపడిలేరు. మూడో ప్రశ్న ఇక్కడ కూడా వేయండి. దీంట్లో వాళ్లకు ఏం ఖర్చయింది? ఏమీ కాలేదు. ఖర్చంతా మీదే. అది మేలు కాదు, బేరం. అది కూడా చెడ్డ బేరం. అలాంటప్పుడు మీ యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి దగ్గరికి వెళ్లండి. వీసా హోదా గురించి వాట్సాప్‌ గ్రూపు కన్నా ఆయన మాటకే విలువ.

అలాగే ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపారన్న కృతజ్ఞతతో "అంతా బాగుంది నాన్నా" అని నెలల తరబడి అబద్ధం చెప్పకండి. వాళ్లు పంపింది డబ్బు మాత్రమే కాదు, మీ కష్టం తెలుసుకునే హక్కు కూడా వాళ్లకుంది. నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, బతకాలని అనిపించకపోతే నోటు పుస్తకం సరిపోదు. చాలా క్యాంపస్‌ల్లో కౌన్సెలింగ్‌ కేంద్రాలున్నాయి, వాటి ఖర్చు తరచూ మీరు కట్టే ఫీజులోనే కలిసి ఉంటుంది. అమెరికాలో ఎక్కడి నుంచైనా 988కి ఫోన్‌ చేయొచ్చు, మెసేజ్‌ పెట్టొచ్చు. సాయం అడగడానికి సిగ్గుపడొద్దు.

విమానం ఎక్కక ముందే

ఇంకా అమీర్‌పేట హాస్టల్లోనో, విజయవాడలో అద్దె గదిలోనో ఉన్నారా? అయితే ఇప్పుడే మొదలుపెట్టండి. ఆలస్యమైనా మీ ప్లేటు పక్కన పెట్టే మెస్‌ ఆంటీ, ప్రింటవుట్‌కు చిల్లర లేకపోతే "రేపివ్వండి బాబూ" అనే జిరాక్స్‌ షాపాయన, తను రాసుకున్న నోట్స్‌ మొత్తం ఫొటోలు తీసి పంపిన స్నేహితురాలు. వీళ్లను ఇక్కడ చూడలేనివాళ్లకు అక్కడా ఎవరూ కనిపించరు. విమానం ఎక్కినంత మాత్రాన చూపు మారదు.

చూసిన తర్వాత ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్నేం కాదు. చెప్పగలిగితే చెప్పండి. చెప్పలేకపోతే, ఆ డ్రైవర్‌లా మళ్లీ ఎదురుపడనివాళ్లయితే, వెనక వచ్చేవాళ్లకు చేయండి. నన్ను ఎయిర్‌పోర్టులో ఎక్కించుకున్న సీనియర్‌కు పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "వచ్చే ఆగస్టులో ఇంకొకరిని ఎక్కించుకో" అన్నాడు. ఎక్కించుకున్నాను. పులిహోర నాకు చేతకాలేదు, ఉప్మా తీసుకెళ్లాను.

ఈ రాత్రి ఇంట్లోవాళ్లు "ఏంటి విశేషాలు?" అని అడుగుతారు. 'ఏం లేవు' అనే ముందు పొద్దుటి నుంచి జరిగింది ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ఎక్కడో ఒకచోట ఎవరో మీ కోసం కాస్త ఆగి ఉంటారు. ముందు ఆ సంగతి చెప్పండి. ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.